కొల్లేటి మీద గీత గీసేముందు

ఉపగ్రహ చిత్రాల పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ నేనిచ్చే మొదటి అభ్యాసం ఒకటే: "కొల్లేరు ఎంత ఉందో లెక్కగట్టి చెప్పండి." ఓ మాదిరి ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు. మ్యాపుల పనికి వాడే క్యూజీఐఎస్, పైథాన్, జీడాల్‌కి రూపాయి కట్టక్కర్లేదు. చిత్రాలూ ఉచితమే. ఒక్క పూటలో ఏదో ఒక అంకె వచ్చేస్తుంది. అసలు చదువు ఆ అంకె వచ్చాక మొదలవుతుంది.

కొల్లేరునే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ నీటి అంచున గీసే గీతకు మనుషుల బతుకుదెరువు ముడిపడి ఉంది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టింది ఒక కాంటూరు (సమాన ఎత్తు) గీతను చూపించే. అలాంటి చోట గీత గీసినవాడు దాన్నెలా గీశాడో చెప్పగలగాలి. కాదన్నవాడు అవే చిత్రాలు, అదే లెక్క తీసుకుని సొంతంగా చేసి చూసుకోగలగాలి. ఓపెన్ సోర్స్ పనిముట్లు ఖర్చు లేకుండా రావడం మంచిదే గానీ, వాటి అసలు విలువ నాకు కనిపించింది ఇక్కడే. నేను నేర్చుకున్నవీ, నేర్పుతున్నవీ కింద రాస్తున్నాను.

1. ఏ కొల్లేరో ముందు తేల్చుకోండి

1999లో ప్రకటించిన అభయారణ్యం +5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. రెండోది మొదటిదానికి దాదాపు మూడింతలు. ఇక బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగి వచ్చే రోజుల్లో కనిపించే నీళ్ళ విస్తీర్ణం వేరు, మే నెలలో మిగిలేది వేరు. ఇవేవీ తప్పుడు అంకెలు కావు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

కాబట్టి కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక వాక్యం రాయమంటాను: "ఫలానా హద్దు లోపల, ఫలానా నెలలో, పైకి కనిపించే నీటి విస్తీర్ణం." ఈ వాక్యం రాయలేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

2. పిక్సెల్‌ని సెంట్లలోకి మార్చి చూడండి

పది మీటర్ల రిజల్యూషన్ అంటే బుర్రకెక్కదు. రైతు భాషలో చెబితే వెంటనే ఎక్కుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో పది మీటర్ల పిక్సెల్ ఒకటి రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై పిక్సెళ్ళు. ల్యాండ్‌శాట్ పిక్సెల్ ముప్పై మీటర్లు, అంటే ఇరవై రెండు సెంట్లు. ఎకరానికి నాలుగున్నర పిక్సెళ్ళే వస్తాయి. 1988లో మనదేశం పంపిన ఐఆర్ఎస్-1ఏలోని లిస్-1 కెమెరాకు పిక్సెల్ 72.5 మీటర్లు. ఎకరం ముప్పై సెంట్ల నేల మొత్తానికి ఒకే చుక్క! మా తరం వాటితోనే జిల్లాలకు జిల్లాలు మ్యాపులు వేసింది. జిల్లా స్థాయి ప్రశ్నకు ఆ చుక్క చాలింది.

నాలుగైదు మీటర్ల వెడల్పున్న చేపల చెరువు గట్టు పది మీటర్ల పిక్సెల్‌లో విడిగా కనిపించదు. సగం గట్టు, సగం నీళ్ళు కలిసిపోయి మధ్యస్థంగా ఓ విలువ వస్తుంది. పక్కపక్కనున్న రెండు చెరువులు ఒకటిగా అతుక్కుపోతాయి. చిన్న రైతు ముప్పై సెంట్ల చెరువు గురించి ల్యాండ్‌శాట్‌తో తీర్పు చెప్పబోయే కుర్రాణ్ణి అక్కడే ఆపాలి.

3. విస్తీర్ణం లెక్కకు డిగ్రీలు పనికిరావు

అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న హద్దును పైథాన్ లైబ్రరీ జియోపాండాస్‌కిచ్చి విస్తీర్ణం అడిగితే చదరపు డిగ్రీల్లో చెబుతుంది. చదరపు డిగ్రీతో ఎవరికీ పనిలేదు. పైగా కొల్లేరు దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లయితే ఒక డిగ్రీ రేఖాంశం 107 కిలోమీటర్లే. మొబైల్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌లో లెక్కేస్తే మరో చిక్కు. మన అక్షాంశం దగ్గర అది విస్తీర్ణాన్ని సుమారు తొమ్మిది శాతం పెంచి చూపిస్తుంది. వంద ఎకరాల చెరువున్న మనిషికి కాగితం మీద తొమ్మిదెకరాలు ఎక్కువ పడితే, దాని మీద నోటీసు వస్తే, ఆయన ఎవరికి చెప్పుకోవాలి?

కొల్లేటికి యూటీఎం ప్రక్షేపంలో 44వ జోన్ చక్కగా సరిపోతుంది. ఈపీఎస్‌జీ సంఖ్య 32644. ఆ జోన్ నడిరేఖ 81 డిగ్రీల రేఖాంశం, సరస్సు దానికి ఆనుకునే ఉంది. అయితే ఇదే సంఖ్యను రాష్ట్రమంతటికీ వాడేయకండి. అనంతపురం 43వ జోన్‌లో ఉంది, ఇచ్ఛాపురం 45లో పడుతుంది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు జోన్లు! రాష్ట్రం మొత్తానికి లెక్క కావాలంటే విస్తీర్ణాన్ని మార్చని సమవైశాల్య ప్రక్షేపం ఎంచుకోండి.

ఇంకో జాగ్రత్త. 2019లో వచ్చిన ప్రోజ్ (ప్రక్షేపాల లెక్కలు చేసే లైబ్రరీ) 6, జీడాల్ 3 నుంచి అక్షాంశం ముందా, రేఖాంశం ముందా అన్న వరుస మీద పట్టింపు పెరిగింది. పాత స్క్రిప్టు కొత్త వెర్షన్‌లో నడిపి, వరుస తారుమారైతే కొల్లేరు వెళ్ళి నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అంత దూరం పోతే ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి అది మేలే. కంటికి కనిపించని తప్పులతోనే భయం.

4. చిత్రమని చూడకండి, అంకెల పట్టికని చూడండి

కంటికి కనిపించని తప్పుల్లో రెండు చెబుతాను. ఈ రెండూ ఎరుపు అక్షరాల ఎర్రర్ చూపించవు. అందమైన మ్యాపే ఇస్తాయి.

మొదటిది తీసివేత. నీటిని పట్టడానికి 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూచిక ఉంది. ఆకుపచ్చ బ్యాండ్‌లోంచి సమీప పరారుణ బ్యాండ్‌ను తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. సెంటినెల్ విలువలు రుణాత్మకం కాని 16 బిట్ పూర్ణాంకాలు. పైథాన్‌లోని నంపైలో వాటిని అలాగే ఉంచి 300లోంచి 400 తీసేస్తే మైనస్ వంద రాదు, 65,436 వస్తుంది. పొడినేలంతా నీళ్ళయిపోతుంది. ముందు దశాంశ సంఖ్యలుగా మార్చి, ఆ తర్వాతే తీసివేయాలి.

రెండోది ఇంకా గడుసుది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. చదివేవాళ్ళే దాన్ని తీసేసుకోవాలి. తీయకపోతే ఏమవుతుందో చూడండి. పచ్చని పొలంలో సమీప పరారుణం 3000, ఎరుపు 500 ఉంటే పచ్చదనం సూచిక ఎన్‌డీవీఐ 0.71. రెండింటికీ వెయ్యి కలిసి 4000, 1500 అయితే అదే పొలం 0.45 చూపిస్తుంది. 2021 చిత్రాన్ని 2023 చిత్రంతో పోల్చి "రెండేళ్ళలో పచ్చదనం దారుణంగా పడిపోయింది" అని వ్యాసం రాసేయొచ్చు. పొలంలో ఏమీ జరగలేదు, ఫైలులో జరిగింది. కొన్ని సంస్థలు ఈ వెయ్యిని ముందే సరిచేసి ఇస్తాయి. అక్కడ మళ్ళీ తీసేస్తే ఇంకో తప్పు. ఫైలుతో వచ్చే మెటాడేటా చదవనిదే లెక్క మొదలుపెట్టకూడదని నా దగ్గర నియమం.

5. నీళ్ళున్న చోటల్లా సరస్సు కాదు, పచ్చగా ఉన్నదల్లా పొలం కాదు

సూచిక నీళ్ళను పట్టుకుంటుంది. అవి ఎవరి నీళ్ళో దానికి తెలియదు. దాళ్వా (రెండో పంట) నాట్ల కోసం డిసెంబరు, జనవరిలో మళ్ళన్నీ నీళ్ళు పెట్టుకుని ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చిత్రాలు బాగా దొరుకుతాయి. మబ్బుల్లేని చిత్రం దొరికిందని సంబరపడి జనవరి చిత్రం ఎంచుకుంటే కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల వరిచేలన్నీ కొల్లేట్లో కలిసిపోతాయి.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. గుర్రపుడెక్క కమ్మేసిన నీరు ఉపగ్రహానికి పచ్చటి పైరులా కనిపిస్తుంది. కిక్కిస దుబ్బులూ అంతే. కింద నిండా నీళ్ళున్నా, ఎన్‌డీవీఐ మాత్రం పంట అంటుంది. పట్టుబడి అయ్యాక ఎండబెట్టిన చేపల చెరువు బీడు నేలలా కనిపిస్తుంది. మూడు నెలలాగి చూస్తే మళ్ళీ చెరువే.

ఒక్క తేదీని నమ్ముకోకుండా ఏడాది పొడవునా చిత్రాలు వరుసగా పేర్చి చూడటమే దీనికి మందు. నాట్ల నీరు కొద్ది వారాలుండి పచ్చబడుతుంది, చేపల చెరువు నెలల తరబడి నీరుగానే ఉంటుంది, సరస్సు అంచు వానలతో ముందుకొచ్చి ఎండలకు వెనక్కి పోతుంది. రెండు సెంటినెల్-2 ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకోసారి ఒకే చోటును చూస్తాయి. పైథాన్‌లో ఎక్స్‌అర్రే లాంటి లైబ్రరీ ఉన్నది ఇలా కాలం వెంట పేర్చడానికే. అయితే ఆ వరుసలో ఏది నాటు, ఏది పట్టుబడి అని చెప్పడానికి సార్వా, దాళ్వా తెలిసిన మనిషి కావాలి.

6. వానాకాలంలో రాడార్‌ని అడగండి

కొల్లేరు నిండేది మబ్బుల కాలంలోనే. మామూలు కెమెరాకు అప్పుడు తెల్లటి దూది తప్ప ఏమీ కనిపించదు. మబ్బుల నీడలు మరీ మోసం, నల్లగా ఉండి నీళ్ళనిపిస్తాయి. 2014లో మొదలైన సెంటినెల్-1 రాడార్ మబ్బుల గుండా చూస్తుంది, రాత్రి కూడా చూస్తుంది. నిశ్చలమైన నీరు రాడార్ కిరణాన్ని అవతలికి జారవిడుస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా పడుతుంది. యూరప్ అంతరిక్ష సంస్థవారి స్నాప్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఈ చిత్రాలు శుద్ధి చేసుకోవచ్చు.

రాడార్‌కీ గుడ్డి చోట్లున్నాయి. గాలికి నీటి మీద అలలు రేగితే నీరు తెల్లబడుతుంది. గోడలకు, నీటికి తగిలి కిరణం తిరిగొస్తుంది కాబట్టి ఇళ్ళ మధ్య నిలిచిన వరద సరిగా పట్టుబడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు ఇలాంటి చిత్రాల కోసం అందరూ వెతికారు. అప్పటికి సెంటినెల్-1ఏ ఒక్కటే పనిచేస్తోంది. అది ఒకే దారిలో మళ్ళీ వచ్చేది 12 రోజులకోసారి. ఉపగ్రహం వచ్చిన రోజు కనిపించిన నీరే గరిష్ఠ వరద అని రాయకూడదు. తేదీతోపాటు వేళ కూడా మ్యాపు మీద వేయండి.

7. ఎత్తు విషయంలో అత్యాశ వద్దు

కొల్లేటి వివాదమంతా ఎత్తుల మీదే. అభయారణ్యాన్ని +5 అడుగుల నుంచి +3కి కుదించాలన్న డిమాండ్ చాలా ఏళ్ళుగా ఉంది. తేడా రెండడుగులు, అరవై సెంటీమీటర్లు. ఇప్పుడు ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల ఫైలు సంగతి చూద్దాం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎత్తులవి. అందులో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. దానికి పెట్టుకున్న నిర్దేశిత దోష పరిమితి 16 మీటర్లు. వాస్తవంలో చాలాచోట్ల అంతకన్నా మెరుగే గానీ, అరవై సెంటీమీటర్ల తేడా తేల్చగలిగేంత కాదు. కోపర్నికస్ ముప్పై మీటర్ల ఫైలు ఇంకా మెరుగైనదే, దాని పరిమితీ నాలుగు మీటర్ల లెక్కలోనే ఉంది. పైగా ఇవి గట్ల మీది చెట్లనీ, కిక్కిస దుబ్బులనీ నేలతో కలిపే కొలుస్తాయి.

క్యూజీఐఎస్‌ని అడిగితే +5 కాంటూరు గీస్తుంది. +3 కూడా గీస్తుంది. కావాలంటే అడుగులో పదో వంతుకో గీత గీసిస్తుంది. గీయగలగడం వేరు, తెలియడం వేరు. ఇలాంటి చదును నేల మీద అడుగుల్లో తగువు తేలాలంటే నేల మీద లెవెలింగ్ సర్వే చేయాల్సిందే, లేదా విమానం నుంచి లైడార్‌తో కొలవాల్సిందే. "ఈ డేటాతో ఇది చెప్పలేను" అని రిపోర్టులో రాయడం కూడా నైపుణ్యమే. ఆ వాక్యం రాసిన పిల్లలకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

8. ఊళ్ళ పేర్లతో పట్టికలు కలపకండి

ఆకివీడుని ఇంగ్లీషులో ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాస్తుంది. పేరుతో రెండు పట్టికలు కలిపితే కొన్ని ఊళ్ళు నిశ్శబ్దంగా రాలిపోతాయి. జనగణన కోడ్‌తోగానీ, స్థానిక సంస్థల డైరెక్టరీ కోడ్‌తోగానీ కలపండి. జిల్లా పేరు మీదా ఆధారపడకండి. కైకలూరు 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. తెలంగాణ 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగింది. పట్టిక ఏ సంవత్సరానిదో, హద్దులూ ఆ సంవత్సరానివే కావాలి.

తెలుగులో పేర్లు రాసుకునేవాళ్ళు షేప్‌ఫైల్‌కి దూరంగా ఉండండి. అందులో పట్టిక నిలువు వరుస పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్ యూటీఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ తలా మూడు బైట్లు పడతాయి. 'కైకలూరు' ఒక్కదానికే 21 బైట్లు. ఎన్‌కోడింగ్ చెప్పే చిన్న ఫైలు వెంట పంపకపోతే అవతలివాళ్ళకు ప్రశ్నార్థకాలే చేరతాయి. జియోప్యాకేజీ వాడితే ఈ తలనొప్పులుండవు.

9. మూలంలో ఉన్న పనిముట్టును నేర్చుకోండి

ఏటా కొత్త లైబ్రరీ ఒకటి వస్తుంది. కుర్రాళ్ళు దాని వెంట పడతారు. అడుగున మాత్రం పాతకాపులే పనిచేస్తుంటారు. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన జీడాల్, 1980లలో అమెరికా భూగర్భ సర్వేలో జెరాల్డ్ ఎవెండెన్ మొదలుపెట్టిన ప్రోజ్. క్యూజీఐఎస్, రాస్టరియో, ఆర్ భాషలోని టెర్రా, ఆఖరికి డబ్బుపెట్టి కొనే కొన్ని సాఫ్ట్‌వేర్లు కూడా వీటి మీదే నిలబడ్డాయి. జీడాల్ కమాండ్లు అరడజను ఒంటబట్టితే పైన ఏ లైబ్రరీ మారినా మీ చేతి పని ఆగదు.

చిన్న ల్యాప్‌టాప్ అని దిగులు పడేవాళ్ళకు ఒక లెక్క. సెంటినెల్-2 పలక ఒకటి పది మీటర్ల బ్యాండ్‌లో 10,980 అడ్డం, 10,980 నిలువు, అంటే పన్నెండు కోట్ల పిక్సెళ్ళు. +5 కొల్లేటికి కావలసింది అందులో ముప్పై ఒక్క లక్షలకు లోపే, నూటికి మూడు పాళ్ళు కూడా కాదు. క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ ఫైలైతే కావలసిన కిటికీ మేరకే ఇంటర్నెట్ నుంచి చదువుకోవచ్చు. పలక మొత్తం దించుకోవడం అలవాటు తప్ప అవసరం కాదు.

10. లెక్క ఎక్కడ జరుగుతోందో తెలుసుకోండి

ల్యాండ్‌శాట్-7 చిత్రం ఒక్కోటి 600 డాలర్లు పలికిన రోజులు చూసినవాణ్ణి. 2008లో అమెరికా ఆ పాత చిత్రాల ఖజానా మొత్తాన్ని ఉచితం చేసింది. 1972 నుంచి ఉన్న చరిత్ర అందరికీ అందింది. బాలానగర్‌లోని మన జాతీయ దూరసంవేదన కేంద్రం 2009లో తెచ్చిన భువన్‌లో లిస్-3 చిత్రాలు దొరుకుతున్నాయి. ఇవన్నీ దించుకుని మన దగ్గరే లెక్కించుకోవచ్చు.

గూగుల్ ఎర్త్ ఇంజిన్ లాంటి సేవలు వేరు. పరిశోధనకు ఉచితం, వేగం అద్భుతం. నేనూ వాడతాను. కానీ లెక్క జరిగేది వాళ్ళ సర్వర్లలో. లోపల ఏ క్రమంలో ఏం చేశారో మనం తెరిచి చూడలేం, షరతులు మారితే ఆపలేం. ఒక ఆలోచన తొందరగా పరీక్షించుకోవడానికి అది భేషైనది. కోర్టుకో, గ్రామసభకో వెళ్ళే తుది లెక్కను మాత్రం తెరిచిన పనిముట్లతో మళ్ళీ చేసి, రెండూ సరిపోలాయో లేదో చూడండి.

11. మౌస్ నొక్కుళ్ళు గుర్తుండవు, స్క్రిప్టు ఉంటుంది

క్యూజీఐఎస్‌లో చేత్తో చేసిన పనిని ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే చేసినవాడే చెప్పలేడు. చిత్రం గుర్తింపు పేరు, తేదీ, వాడిన హద్దు ఫైలు, నీటికి పెట్టుకున్న కోత విలువ, లైబ్రరీల వెర్షన్లు, అన్నీ స్క్రిప్టులోనో దాని పక్కనో ఉండాలి. కోత విలువ సున్నా పెట్టారా, 0.1 పెట్టారా అన్నదాన్ని బట్టే వందల ఎకరాలు అటూఇటూ అవుతాయి. అందుకే రెండు మూడు విలువలతో నడిపి, అంకె ఎంత ఊగుతుందో కూడా చెప్పమంటాను. "ఇంత నుంచి ఇంత వరకు" అని చెప్పినవాడి మాటనే నేను నమ్ముతాను.

12. మ్యాపు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళండి

కంప్యూటర్‌కు నీరేదో నేర్పడానికి వాడిన చోట్లతోనే పరీక్ష పెట్టుకుంటే ఎవరికైనా మంచి మార్కులే వస్తాయి. పరీక్షకు వేరే చోట్లు విడిగా ఎంచుకోండి. అక్కడికి వెళ్ళి చూడండి. నీరన్నవాటిలో ఎన్ని నీరు కాదో, నిజంగా నీరున్నవాటిలో ఎన్ని వదిలేశారో రెండూ విడివిడిగా రాయండి. సరస్సు గర్భంలోని బెడ్ గ్రామాల్లో పడవ నడిపేవాళ్ళు, చెరువు గట్టు మీద మేత వేసేవాళ్ళు మీ మ్యాపు చూసి అరనిమిషంలో తప్పు పట్టేస్తారు. "ఇది చెరువు కాదండి, డ్రెయిను. డెక్క తీసేశారు కదా, అందుకని తెల్లగా కనపడుతోంది" అంటారు. అంత కచ్చితమైన సవరణ ఏ అల్గారిథమూ ఇవ్వదు. వాళ్ళు చెప్పిన కాలవల పేర్లు, ఊళ్ళ పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగులో చేర్చండి. పది మంది కట్టిన పనిముట్లు వాడుకున్నందుకు మనవైపు నుంచి అదో చెల్లింపు.

ఆఖరుగా, మీ లెక్క ఎవరికి నష్టం చేస్తుందో వాళ్ళకే మొదట ఫైళ్ళు, స్క్రిప్టు ఇవ్వండి. వాళ్ళ తరఫున చదువుకున్న పిల్ల ఎవరైనా నడిపి చూస్తుంది. ఆమెకు వేరే అంకె వస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏ వరుస దగ్గర తేడా మొదలైందో వెతకండి. అది జోన్ సంఖ్య కావచ్చు, తీయకుండా వదిలేసిన వెయ్యి కావచ్చు, జనవరి నాట్లు కావచ్చు. దొరికితే దిద్దుకోండి. దొరకకపోతే రెండు అంకెలూ రిపోర్టులో వేయండి, తేడా ఎందుకుందో తేలలేదని రాసి సంతకం పెట్టండి.